ఆరక్షరాలు నేర్పిన మా తమ్ముని బిడ్డ

"అనుమానం పిల్ల" అని నిండు సభల మీరు నవ్విన మా తమ్ముని బిడ్డ చనిపోయింది. పోయిన నెల, సూరత్ పక్క ఇచ్ఛాపూర్ల తను నౌకరి చేసే కంపెనీల, పొద్దుగాల చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి, పక్క కుర్చీల అమ్మాయితోటి "జర తల తిరుగుతుంది" అని టేబుల్ మీద తల వాల్చిందంట. మళ్ళ ఎత్తలే. డాక్టర్లు గుండె అన్నరు. పోయే వయసు గాదు.

మన తెలుగు నేతోళ్ళ సంఘం పత్రికల ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాయమని మీరే నన్ను అడిగిన్రు. రాస్తున్న. గాని ఏండ్ల సంది నా కడుపుల ఉన్న మాట ముందుగాల రాస్త. ఆనాడు నవ్వినోళ్ళల్ల ఒక్కరు గూడ తర్వాత ఆమె దగ్గరికి వచ్చి "తప్పైంది బిడ్డా" అనలే. ఎవరెవరు నవ్విన్రో, ఎవరు నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నరో, నాకు అన్నీ యాదికున్నయి.

నేను సదువుకున్నోణ్ణి గాను. సిరిసిల్లల చిన్నప్పుడే బడి ఇడిచిపెట్టి మగ్గం మీద కూసున్న. సూరత్ వచ్చి లింబాయత్ల పవర్లూముల చప్పుడుకు సగం చెవులు పోగొట్టుకున్న. తెలుగు కూడబలుక్కొని రాస్త. ఇది నేను చెప్తుంటే మా అల్లుడు, అంటే ఆమె పెనిమిటి, అడాజన్ల వాళ్ళింట్ల కూసోని టైపు చేస్తున్నడు. నడుమ నడుమ ఆగుతున్నడు. ఆగినప్పుడు నేను గూడ ఆగుతున్న.

ఆమె చేసే పని ఏందో మీల చాలమందికి తెల్వదు. "కంప్యూటర్ల ఏదో చేస్తది" అంటరు. నాకు ఆమెనే కూసోబెట్టి చెప్పింది, నాకు సమజైనంత మీకు చెప్త.

కంప్యూటర్ల ఉన్న మన కాయిదాలకు తాళమేసే సాఫ్ట్‌వేర్ ఉంటది. అది కాయిదాన్ని ఎవరికీ సదువరాకుండ గజిబిజి చేసి పెడ్తది. తాళంచెవి ఉన్నోనికే మళ్ళ మామూలుగ కనవడ్తది. ఆ సాఫ్ట్‌వేర్ లోపట లైబ్రరీ ఫైళ్ళని ఉంటయి. పైన బొమ్మ ఎవరిదైనా, అసలు తాళం తిప్పేటియి అవే. మగ్గం మీద పేరు సేఠ్‌ది ఉంటది గాని పువ్వు నేయించేది నెత్తిమీదున్న జకార్డ్ పెట్టె గద, గట్లన్నట్టు. ఆ ఫైలు మంచిదైతే తాళం మంచిది. దాని జాగల ఇంకోటి వచ్చి కూసుంటే తాళం ఏసినట్టే కనవడ్తది, తలుపు మాత్రం తెరిచే ఉంటది.

పేరు చూసి ఆ ఫైలును గుర్తుపట్టరాదు. పేరు ఎవడైనా పెట్టుకోవచ్చు. అందుకని ఫైలుకు ముద్ర తీస్తరు. హాష్ అంటరంట, నాకు ఆమె ముద్ర అనే చెప్పింది. ఫైలు మొత్తాన్ని లెక్కల ఏసి తిప్పితే అంకెలు, అక్షరాలు కలిసి అరవై నాలుగు గుర్తుల వరుస ఒకటి వస్తది. మన బట్టల ఒక పోగు తప్పితే ఆ ఒక్క జాగలనే గీత పడ్తది. దీంట్ల గట్ల గాదు. "ఒక్క పోగు తప్పినా తాను మొత్తం వేరే రంగై వస్తది పెదనాయినా" అన్నది. ఏ కంపెనీ మిషన్ల ఏ తాళపు ఫైలు ఉన్నదో ముద్ర చూసి పట్టుడే ఆమె నౌకరి. ఇది అసలుదా, పాతదా, పొక్కలు వడ్డదా, ఎవడో మార్చిందా, అన్నీ ముద్ర తోనే చెప్పేది.

మన సంఘం కంప్యూటర్ల మీ అందరి ఆధార్లున్నయి. పాస్‌బుక్కులున్నయి. ఏలిముద్రలున్నయి. మొగడు పోయిన ఆడోళ్ళ కాయిదాలున్నయి. వాటికి తాళం పెట్టింది ఆమె. ఆదివారం ఆదివారం బస్సు మారి బస్సు ఎక్కి వచ్చేది. ఖమన్ అని ఈడి శనగపిండి పలారం పొట్లం తెచ్చేది, దాని మీది మిరపకాయలు ఏరుకొని తనే తినేది, ఖమన్ మాకు పెట్టేది.

ఒకనాడు ఎండకు తాళలేక ఫ్యాన్ కింద కూసుందామని సంఘం ఆఫీసుకు పోయిన. ఆమె ఒక్కతే ఉన్నది.

"పెదనాయినా, ఖాళీనేనా?"

"నాకేం పని బిడ్డా."

"అయితే ఇటు రా. అసలు ముద్ర నేను ఫోన్ల చూసి సదువుత. నువ్వు ఈ స్క్రీన్ల ఉన్న ముద్ర మీద ఏలు పెట్టి చూడు. నేను చెప్పింది ఆడ ఉన్నదా లేదా, గంతే."

"ఇంగ్లీషు నాకేడికెల్లి వస్తది?"

"ఆరక్షరాలు చాలు. ఏ కెల్లి ఎఫ్ దాంక. ముద్రల అంతకన్న ఎక్కువ ఉండవు."

"మరి తతిమ్మ అక్షరాలు?"

"అవి ఆఫీసర్లకు ఇడిచిపెడదాం."

అట్ల నేర్చుకున్న. అంకెలు నాకు వచ్చు. ఆరక్షరాలు పట్టుకునుడు పెద్ద కష్టం గాలే, బీ, డీ కాడ మాత్రం తడబడేటోణ్ణి. "చిన్నక్షరాలల్ల బీ పొట్ట కుడిదిక్కు, డీ పొట్ట ఎడమదిక్కు, మన కోశాధికారి పొట్ట రెండు దిక్కుల" అని నవ్వించి మరి గుర్తుండేటట్టు చేసింది. కోశాధికారి కోపం చేసుకోవద్దు, మాట ఆమెది. ఆ ఆరక్షరాలు తప్ప ఇప్పటికీ నాకు ఇంగ్లీషు రాదు.

సదివే ముందు చేతుల గాజులు తీసి కీబోర్డ్ పక్కన పెట్టేది. నా చెవులు సక్కగ ఇనవడయి గద, గాజుల చప్పుడుల అక్షరం మునిగిపోవద్దని. తర్వాత మెల్లగ, ఒక్కొక్కటి, కూరగాయలామె తూకం పలికినట్టు పలికేది. ఏడు. ఎఫ్. సున్నా. సీ. నేను ఏలు జరుపుకుంట "ఉన్నది, ఉన్నది" అనేటోణ్ణి. నడుమ ఫోన్ మోగినా, ఎవరన్న వచ్చి పలకరించినా, మళ్ళ మొదటికెల్లి. ఆగిన కాడికెల్లి అందుకునుడు ఆమె దగ్గర లేదు. మగ్గానికి కొత్త పడుగు బీమ్ అతికేటప్పుడు మా ఉస్తాద్ గిట్లనే చేయిస్తుండె. ఒకడు పోగు అందిస్తడు, ఒకడు అందుకుంటడు, ఇద్దరి నడుమ మాట వడితే మళ్ళ మొదటి పోగు.

"ఇంత తిప్పలేంది? రెండు ఒకటేనా అని మిషన్‌నే అడగరాదా?" అన్న ఒకసారి.

"అడుగుత. మా కంపెనీల గట్లనే చేస్త. గాని ఈడ మిషన్ ఒకటే ఉన్నది. దాంట్లకే ఎవడన్న చొరబడి ఉంటే? ఫోన్ వేరే, మిషన్ వేరే, నీ కండ్లు వేరే. ముగ్గురు కూడబలుక్కొని అబద్ధం చెప్పుడు కష్టం."

ఇంకో మాట ఆమె దినాం చెప్పేది. "సరుకు తెచ్చినోన్నే సాక్ష్యం అడగొద్దు. ముద్రను ఆ ఫైలు తయారు చేసినోళ్ళ ఇంటికెల్లే తెచ్చుకోవాలె." ఇది నాకు చెప్పంగనే ఎక్కింది. సచిన్ ఊరి దిక్కు రంగుల మిల్లుకు బట్ట పంపేటప్పుడు సేఠ్ ఒక ముక్క కోసి ఇంట్ల పెట్టుకుంటడు. రంగేసి వచ్చినంక ఆ ముక్కతోటి కలిపి చూస్తడు. మిల్లోడు పంపిన ముక్కతోటి మిల్లోని బట్టను కలిపి చూస్తే ఎన్నడన్న తప్పు దొరుకుతదా?

ఇగ ఆ సభ సంగతి. కంప్యూటర్ చెడిపోయిందని కమిటీవాళ్ళు ఒక రిపేరోణ్ణి పిలిచిన్రు. వాడు అన్నీ మళ్ళ ఎక్కించి పోయిండు. ఆదివారం మేమిద్దరం కూసున్నం. ఆమె మొదటి గుర్తు పలికింది, నేను "లేదు" అన్న. రెండోది, "లేదు". ఆమె నా దిక్కు చూసింది. మళ్ళ మొదటికెల్లి పలికింది. ఒక్కటి గూడ కలువలే. ఫైలు పేరు అదే. ముద్ర మాత్రం వేరే. ఆమె లేచి నెట్ వైర్ ఊడగొట్టింది.  ఆ తొందర చూసి నాకు భయమైంది. నేను భయపడేటోణ్ణి గాదు. తాపీ నది వరద నీళ్ళు ఇంట్లకొచ్చి మెట్లెక్కుతుంటే గూడ డాబా మీద కూసోని బీడీ తాగిన.

ఆమె తన కంపెనీల ముద్రలు కలిపి చూస్తే తేలింది. దొంగ ఫైలు గాదు, పాత ఫైలు. రిపేరోని దగ్గర ఎన్నడో తీసిపెట్టుకున్నది ఉంటే అదే ఎక్కించిండు. "దీంట్ల పొక్క ఉన్నది పెదనాయినా. దొంగలందరికీ తెలిసిన పొక్క" అన్నది. కమిటీకి చెప్పింది. తర్వాత అయిన సభల కోశాధికారి మైకు పట్టుకొని ఏమన్నడో మీరిన్నరు. "పేరు అదే, ఫైలు అదే. ఇంకేం గావాలె? ఈ పిల్ల పెనిమిటిని గూడ ఇంట్లకు రానిచ్చే ముందు ముద్ర చూస్తదా ఏంది?" మీరు నవ్విన్రు. మా అల్లుడు రెండో వరుసల కూసొని ఉన్నడు. ఆమె వచ్చే ఆదివారం మామూలుగనే వచ్చి సరైన ఫైలు ఎక్కించి, గాజులు తీసి పెట్టి, "సదువుదామా?" అన్నది.

అప్పటిసంది నాకు ఒక జబ్బు పట్టుకున్నది. ప్రతిదాన్ని అనుమానించుడు. మా ముసల్దాని బీపీ గోలీలు పాత డబ్బా, కొత్త డబ్బా పక్కపక్కన పెట్టి గుర్తులు కలిపి చూసేటోణ్ణి. పాలోడు మారితే పాలు తాగేటోణ్ణి గాదు. మా ముసల్ది పోయి ఆమెకు చెప్పింది. ఆమె వచ్చి నా పక్కన కూసున్నది.

"అనుమానం వేరు పెదనాయినా, చూసుకునుడు వేరు. అనుమానపడెటోనికి నిద్రవట్టదు. చూసుకున్నోడు పండుకుంటడు. నేను ఎంత మంచిగ పండుకుంటనో మీ అల్లుణ్ణి అడుగు, గురక ఇని పక్క ఫ్లాటోళ్ళు గోడ కొడ్తరు."

ఈ మాట టైపు చేసి మా అల్లుడు మంచినీళ్ళకని లేచిపోయిండు.

ఇంకోసారి నా ఫోన్ల బ్యాంకు పేరు మీద ఏదో మెసేజ్ వస్తే చూపించిన. తీసేసింది. "పేరు చూసి నమ్మకు" అన్నది. "మరి నువ్వు పంపితే?" అన్న, ఊకెనే. ఆమె నవ్వలే. "నేను పంపినా సదువు పెదనాయినా. నా పేరు గూడ పేరే గద."

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్న. 

ఆమె దినాలు అయిపోయినయి. మరుసటి దినం మధ్యాహ్నం నేను అన్నం తింటున్న. ఫోన్ మోగింది. సంఘం గ్రూపుల మెసేజ్. పైన ఆమె పేరు. పక్కన ఆమె ఫోటో, పసుపు రంగు చీరల, మేనకోడలి పెండ్లిల తీసింది. ముద్ద పళ్ళెంల పెట్టిన. మా ముసల్ది "ఎవలు?" అన్నది.  గ్రూపుల ఎవరో పైకి సదివి పెట్టిన్రు, అది ఇనవెట్టిన. "సంఘం తాళానికి కొత్త లైబ్రరీ ఫైలు పంపుతున్న. ఆఫీసు కంప్యూటర్ల ఎక్కించుండ్రి. దీని ముద్ర కింద ఉన్నది, కలిపి చూసుకోండ్రి."

నేను మా అల్లునికి ఫోన్ చేసిన.

"ఆమె ఫోన్ ఏడున్నది అల్లుడా?"

"బీరువాల ఉన్నది మామా. ఆ రోజు బంద్ చేసి పెట్టిన. మళ్ళ తియ్యలే."

"పోయి చూడు."

తలుపు తీసిన చప్పుడు ఇనవడ్డది. చానసేపటికి వచ్చిండు. "ఉన్నది మామా. బందే ఉన్నది" అన్నడు. ఆ గొంతు నేనెన్నడూ ఇనలే. ఫోన్ బంద్ ఉండంగ ఆమె పేరు మీద ఎవడు మాట్లాడిండో, ఎట్ల మాట్లాడిండో నాకు తెల్వదు. ఆమె ఉంటే చెప్పేది.

మీరేం చేసిన్రు? ఆ మెసేజ్ కింద దండాలు పెట్టిన్రు. పూలు పెట్టిన్రు. "పోయినా సంఘాన్ని మరువలే తల్లి" అని రాసిన్రు. బతికున్నప్పుడు నవ్విన నోళ్ళే.

నేను ఆటో పట్టుకొని ఆఫీసుకు ఉరికిన. కోశాధికారి కంప్యూటర్ ముంగట కూసోని ఉన్నడు.

"ఎక్కించిన కాకా" అన్నడు నన్ను చూసి. "ఇప్పుడే అయిపోయింది."

"ముద్ర చూసినవా?"

"చూసిన. నువ్వు నన్ను గంత తక్కువ చెయ్యకు. అరవై నాలుగు గుర్తులు, ఒక్కటి ఇడువకుంట. మొత్తం కలిసినయి."

"ముద్ర ఏడికెల్లి తీస్కున్నవ్?"

"మెసేజ్లనే ఉండె గద, ఫైలు కింద."

 ఫైలు తెచ్చినోడు, ముద్ర తెచ్చినోడు ఒక్కడే. దొంగోడు తన ఫైలుకు తన ముద్ర తీసి పంపితే కలువక ఏం జేస్తది?

"సరుకు తెచ్చినోన్నే సాక్ష్యం అడిగినవ్ గదరా" అన్న.

"ఎవలో గాదు కాకా, ఆమెనే పంపింది."

"ఆమె దినాలల్ల నువ్వు రెండుసార్లు గారెలు పెట్టించుకున్నవ్. ఆమె ఎట్ల పంపుతది?"

"ముందే టైం పెట్టి ఉంచిందేమో. చివరి కోరిక అనుకోరాదు. ప్రతిదానికి అనుమానమేంది, ఆమె లెక్కనే తయారైనవ్."

కంప్యూటర్ బంద్ చెయ్యమన్న. చెయ్యలే. నెట్ వైర్ ఊడగొట్టవోతే చెయ్యి పట్టుకున్నడు, "ముసలోనివని ఊకుంటున్న" అన్నడు. గది తాళం ఏసుకొని పోయిండు. తలుపు తాళం మాత్రం మంచిగ ఏస్తడు.

ఆ తెల్లారి నేను ఇచ్ఛాపూర్ పోయిన. కంపెనీ గేటు కాడ ఆమె పక్క కుర్చీల అమ్మాయిని పిలిపిచ్చిన. ఆమె చివరి మాట ఇన్న పిల్ల. గుజరాతీ అమ్మాయి, హిందీల మాట్లాడింది. అంతా చెప్పిన. మొకం తెల్లవోయింది. "దాదా, ఆమె ఎన్నడూ ఫైలు, ముద్ర ఒక్కదాంట్ల పంపేది కాదు. మాకు నేర్పిందే అది" అన్నది. తర్వాత ఇట్ల అన్నది: "మీ కంప్యూటర్ మేము ముట్టరాదు, మీ సంఘం అడగాలె. గాని మీరు దాని ముంగట కూసోండ్రి. నేను ఆ ఫైలు తయారు చేసినోళ్ళ పేజీకెల్లి అసలు ముద్ర తీసి ఫోన్ల సదువుత. మీరు కలిపి చూడుండ్రి. కలువకపోతే వైరు తీసి నాకు చెప్పుండ్రి, మిగిలింది ఏం జెయ్యాల్నో చెప్త."

నాకు గావాల్సింది గంతే. ఒక కుర్చీ, ఆ స్క్రీన్, చాయ్ తాగినంత సేపు. ఆ సంగతి కమిటీని అడిగిన. "పండుగ అయినంక చూద్దాం" అన్నరు. బయటి కంపెనీ పిల్లకు చెప్పుడు సంఘానికి నామోషీ అంట.

పండుగ అంటే జంధ్యాల పున్నమి. ఆనాడు ఏం పెట్టుకున్నరో మీకు తెలుసు. కొత్త కార్డులని చెప్పి అందర్ని కొత్త కాయిదాలు తెమ్మన్నరు, అదే కంప్యూటర్ల మళ్ళ ఏలిముద్రలు పెట్టమన్నరు. మీ పెండ్లాలు, మీ కోడండ్లు, మీ తల్లులు వరుసల నిలవడ్తరు. బొటనవేలు మారదు. ఒకసారి పోతే ఇంకో బొటనవేలు తెచ్చుకోలేం.  ఆ ఫైలు మంచిదే కావచ్చు. దేవుని దయ ఉంటే మంచిదే. నేను కాదంటలేను. చూడలేదంటున్న, గంతే.

మీరు అడిగిన మంచి మాటలు గివి. మా తమ్ముని బిడ్డ ఎవర్నీ అనుమానించలే. చూసుకున్నది. మీ తల్లి పేరు, మీ పిల్లల పేర్లు ఉన్న ఆ డబ్బాను ఎవరూ అడగకముందే ప్రతి ఆదివారం చూసుకున్నది. ముసలోణ్ణి పక్కన కూసోబెట్టుకొని, నా కండ్లకు ఒక విలువ ఇచ్చింది. ఇంతకన్న మంచిగ రాయరాదు నాకు.

ఒక మాట పత్రికవాళ్ళకు. ఇది రాసింది రాసినట్టే అచ్చెయ్యాలె. మా అల్లుడు టైపు చేసిన ఫైలుకు ఆ గుజరాతీ అమ్మాయితోటి ముద్ర తీయించి పెట్టుకుంట. అచ్చుకు పోయిన ఫైలు నాకు చూపించాలె. ఒక్క చుక్క మారినా తెలుస్తది.

నిన్న ఆఫీసు దిక్కు పోయిన. తలుపుకు తాళం. కిటికీ ఊచలు పట్టుకొని లోపటికి చూసిన. గదిల ఎవరూ లేరు. కంప్యూటర్ డబ్బా మీద చిన్న పచ్చ దీపం మిణుకు మిణుకు మంటుంది, లోపట ఎవరో పని చేస్తున్నట్టు. కీబోర్డ్ పక్కన ఆమె గాజులు ఉన్నయి. చివరి ఆదివారం తీసి పెట్టి మరిచిపోయినట్టుంది. దీపం మిణుకుమన్నప్పుడల్ల గాజుల మీద పచ్చగ మెరుస్తుంది.

కమిటీవాళ్ళు, కోశాధికారి, మీ అందర్నీ అడుగుతున్న. జంధ్యాల పున్నమికి ముందొచ్చే ఆదివారం పొద్దుగాల నేను ఆ గది ముంగట నిలవడ్త. ఫోన్ల ఆ అమ్మాయి ఉంటది. ఆ లోపల నాకు జవాబు గావాలె, అందరి ముంగట, నోటితోటి: గది తెరుస్తరా, తెరవరా?